అడుగు గ్లాసు

పదిహేడో కాగు. తేట: లేదు.

గట్టు మీది అధికారుల నుంచి కొత్త హుకుం వచ్చింది. కాచిన ప్రతి కాగుకూ పలక మీద చిట్టా రాయాలట. కాగు సంఖ్య, బీరు తేరిందా లేదా, అంతే. కింద మిగిలిన చోటు ఖాళీగా వదిలేయమన్నారు. చోటు ఖాళీగా వదిలేయడం నా వల్ల కాదు. వాళ్ళెవరూ చదవరని తెలుసు కాబట్టి నాకు తోచిందల్లా రాస్తాను. చదివినా నాకు పోయేదేమీ లేదు.

నా పేరు దేముడమ్మ. మా ఊళ్ళు సముద్రం మీద తేలే తెప్పలు. తొమ్మిదో తెప్పకు బీరు కాచేది నేనే. తెప్ప మీద నీళ్ళు తాగేవాళ్ళు లేరు. ఉప్పు తీసిన నీళ్ళు గట్టు నుంచి పీపాల్లో వస్తాయి, వచ్చిన మర్నాటికే కంపు కొడతాయి. తొట్లలో పండించిన చోడులు, అదే రాగులు, మొలకెత్తించి, దంచి, ఆ నీళ్ళతో కాచి, చేదుకు నేలవేము వేసి, పాత కాగు మడ్డి తోడు పెట్టి పులియబెడితే అది బీరు. తలకెక్కేంత సత్తువ దానికి లేదు. పిల్లా పెద్దా దాహానికి తాగేది అదే.

ఇవాళ కాగుల గది గుమ్మానికి కన్ను బిగించారు. రెండో తెప్పలో చెడిన బీరు తాగి వాంతులు పట్టుకుని జనం పోయారు కదా, అందుకని. గదిలోంచి బయటికి పోయే ప్రతి గిన్నెనూ కన్ను ముందు పెట్టాలి. అది లోపలికి వెలుగు వేస్తుంది. వెలుగు అవతలికి దాటితే నీలం దీపం. దాటకపోతే ఎర్ర దీపం, గిన్నె దానంతటదే ఒరిగిపోతుంది, ఉన్నదంతా కింది గొట్టంలోంచి సముద్రంలో పడుతుంది. మా బీరు పుట్టినప్పటి నుంచీ కుడితి రంగే. కాగు మొత్తం పోయింది. తెప్ప జనమంతా ఖాళీ చెంబులతో నిలబడి చూశారు.

అది కాదు నాకు మండింది. గొట్టం పక్కనే ఈతగాళ్ళ నిచ్చెన ఉంది. మా వదిన నూకాలు అప్పుడే పైకొచ్చింది. తెప్ప అడుగున పట్టిన గుల్లలు గీకడం, కచిడి చేపల బోనులు చూడడం ఆమె పని. నీళ్ళలోంచి వచ్చిన ఈతగత్తెకు నిచ్చెన మీద నిలబడగానే అడుగు గ్లాసు ఇవ్వాలి. అంటే కాగు అడుగున మిగిలే చిక్కటి మడ్డి, పైన కాస్త బీరు. వేరెవరూ దాన్ని ముట్టరు. మా ముత్తాతల నాటి నుంచీ అది ఈతకు వెళ్ళేవాళ్ళ హక్కు. ఆమె చెయ్యి చాపింది. నా చేతిలో ఏమీ లేదు.

"ఏటే దేముడమ్మా, నా గ్లాసేదే?" అంది.

కన్ను తాగేసిందని చెప్పాను. ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పందొమ్మిదో కాగు. తేట: లేదు.

బీరు తేర్చడానికి నాకు తెలిసినవన్నీ చేశాను. కాచేటప్పుడు గుప్పెడు సముద్రపు నాచు వేశాను. కాస్త తేరింది, కన్నుకు చాలలేదు. కాగు మూతి బిగించి, తాడు కట్టి, కింది చల్లటి నీళ్ళలోకి దింపి ఉంచాను. ఇంకాస్త తేరింది. పైకి లాగేటప్పుడు తెప్ప ఊగింది, అడుగున ఉన్నది మళ్ళీ పైకి లేచింది. అమ్మమ్మ ఇచ్చిన చిల్లగింజ ఒకటుంటే కాగు లోపలి అంచుకు రుద్దాను. బురద నీళ్ళు తేర్చే గింజ అది. గింజ అరిగింది గాని బీరు తేరలేదు.

జనం పీపా నీళ్ళు ముక్కు మూసుకుని తాగుతున్నారు. తిండి సంగతి చెప్పేదేముంది. గట్టు పంపే తెల్ల పిండే. కచిడి చేపలు మేం పెంచుతాం, గట్టు తింటుంది. బాతులు మేం పెంచుతాం, గుడ్లు గట్టుకు పోతాయి. ఆ బాతులకూ తెల్ల పిండే పెడుతున్నాను. ఏం రోగమో, కాళ్ళు తడబడుతున్నాయి, మెడలు వెనక్కి విరుచుకుని ఆకాశం చూస్తున్నాయి.

ఇంట్లో మేమిద్దరం ఆడవాళ్ళమే. నా మొగుడు ముత్యాలు తుఫానులో పోయాడు. వాడి అక్క నూకాలే నాకు మిగిలిన చుట్టం. "నువ్వు కాచలేకపోతే చెప్పు, నేను కాత్తాను, నువ్వెళ్ళి గుల్లలు గీకు" అంటుంది. నాకు ఈత రాదని ఆమెకు తెలుసు. అందుకే అంటుంది.

ఇరవై ఒకటో కాగు. తేట: ఉంది.

ఉపాయం వదినే చెప్పింది. కచిడి చేప కోసి మాంసం గట్టుకు పంపాక, పొట్టలోని గాలితిత్తి మేం సముద్రంలో పారేస్తాం. ఆమె నిన్న ఒక తిత్తిని పట్టుకుని వచ్చి నా ఒళ్ళో వేసింది.

"మా తాత సెప్పేవోడు. ఎనకటికి ఈ తిత్తి కోసం ఓడలోళ్ళు ఎగబడేవోరట. సీమ సారాల్లో ఏసి తేర్సుకునేవోరట. ఏసి సూడు, పోయిందేటి?"

తిత్తిని ఎండబెట్టి, సన్నగా తరిగి, పులిసిన నీళ్ళలో నానేశాను. అది కరిగి జిగురు జిగురుగా అయింది. వేడి తగిలితే పాడవుతుందనిపించి, బీరు పూర్తిగా చల్లారాక పోసి, గరిటె మెల్లగా ఒక్కసారి తిప్పి వదిలేశాను. ఆ జిగురు బీరులో తేలుతున్నదాన్నంతా పట్టుకుని అడుక్కి లాక్కుపోయింది. పొద్దున మూత తీస్తే కాగులో నా ముఖం కనిపించింది. చోడి బీరులో ముఖం చూసుకున్న మొదటి మనిషిని నేనే అయి ఉంటాను.

కన్ను నీలం దీపం వెలిగించింది. తెప్పంతా చెంబులు మోగించింది. నాకు కన్నీళ్ళొచ్చాయి, దాచుకోలేదు.

ఒక్కటే ఇబ్బంది. అడుగున మిగిలింది మునుపటి మడ్డిలా లేదు, జిగురు పట్టి చీమిడిలా ఉంది. పైగా దాన్ని కన్ను ఎలాగూ బయటికి వదలదు. గది వెనక గోడకు ఒక కంత ఉంది, అవతల బాతుల దొడ్డి. మడ్డినంతా అందులోకి తోసేశాను. వదినకు అడుగు గ్లాసు బదులు కాగులో పైపై తేట, అందరికంటే ముందు, ముంచి ఇచ్చాను. దొరసానిలా తాగమన్నాను. ఆమె గ్లాసు ఎండకు పెట్టి చూసింది.

"అందంగా ఉందే. కడుపులోకి ఏటీ దిగినట్టు లేదు" అంది.

మెచ్చుకోవడం చేతకాని మనిషి అనుకున్నాను.

ఇరవై నాలుగో కాగు. తేట: ఉంది.

గట్టు పర్యవేక్షకురాలు ఇందీవర గారు పడవ దిగి వచ్చారు. చిన్న వయసు, మెత్తటి మాట. బీరు గ్లాసును కళ్ళ దగ్గర పెట్టుకుని అటువైపు సముద్రాన్ని చూశారు.

"దేముడమ్మ గారూ, ఇది ఆదర్శం. మిగతా తెప్పలకు మీరే నేర్పాలి" అన్నారు.

గారూ అనిపించుకోవడం నాకు అదే మొదలు. ఒప్పేసుకున్నాను. తెప్పకొకరు చొప్పున వచ్చారు కాగులవాళ్ళు. నాలుగో తెప్ప సన్నెమ్మ చురుకైంది, తిత్తి తరగడం నాకంటే సన్నగా తరిగింది. వెళ్ళేటప్పుడు ఆమెకు ఒక జత బాతులిచ్చాను.

బాతుల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. నా బాతుల మెడలు నిటారుగా నిలబడ్డాయి. దొడ్డిలో ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. మడ్డి మేసి మదమెక్కాయని వదిన నవ్వింది.

ఇరవై ఏడో కాగు. తేట: ఉంది.

వదిన నిచ్చెన ఎక్కి వచ్చి నా పక్కన కూర్చుని, కాళ్ళు ముందుకు చాపి వాటినే చూస్తోంది. మడమ దగ్గర గుల్ల కోసుకుని రక్తం కారుతోంది. చెప్పేదాకా ఆమెకు తెలియలేదు.

"పాదాలకి సముద్రం తగలట్లేదే" అంది.

"తగలకపోవడమేంటి వదినా?"

"నీళ్ళు సల్లగా ఉన్నాయో ఎచ్చగా ఉన్నాయో తెలీట్లేదు. ఎవరి పాదాలో తొడుక్కున్నట్టుంది."

ఆ మాట నన్ను పట్టుకుంది. పుట్టినప్పటి నుంచి నీళ్ళలో ఉన్న మనిషి. గట్టు వైద్యుడు తెర మీద కనబడి, లోతు నీళ్ళ ఒత్తిడి అన్నాడు, ఈత తగ్గించమన్నాడు, తేట బీరు బాగా తాగమన్నాడు. నేను రోజూ రెండు గ్లాసులు ఎక్కువ పోశాను. నా చేత్తో పోశాను.

ఇరవై తొమ్మిదో కాగు. తేట: ఉంది.

ఆమె ఒక్కతే కాదు. బోనుల దగ్గర పనిచేసే ఇద్దరికి చేతుల్లో తిమ్మిరి. పక్కింటి బాలింత నడుస్తూ నడుస్తూ కూలబడింది. ఏడో తెప్పలోనూ ఇలాగే ఉందట. అందరూ ఒత్తిడి అంటున్నారు. బాలింత ఎన్నడు మునిగింది సముద్రంలో? అడిగాను. తెర మీద వైద్యుడు మళ్ళీ ఒత్తిడే అన్నాడు.

వదిన కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. నిచ్చెన దగ్గరకు పోవడం మానేసింది. రోజంతా గడపలో కూర్చుని ఈతకు వెళ్ళేవాళ్ళను పేరు పేరునా తిడుతోంది, గుల్లలు సరిగ్గా గీకడం లేదని. ఆ తిట్లలో ఊపిరి చాలక మధ్యలో ఆగుతుంటే నాకు వినబుద్ధి కావడం లేదు.

ముప్పైయో కాగు. తేట: ఉంది.

సన్నెమ్మ పడవలో వచ్చి నేనిచ్చిన బాతుల జతను నా ముందు పడేసింది.

"మంచి బాతులే ఇచ్చావు. మెడలు ఎనక్కి తిరిగిపోనాయి, నిలబడనేవు. నాకు రోగం బాతుల్ని అంటగట్టినావేటి?"

"ఏం పెడుతున్నావు వీటికి?"

"నువ్వు పెట్టేదే. తెల్ల పిండి."

"మడ్డి పెట్టడం లేదా?"

"మాకు దొడ్డి గదికి ఆనుకుని నేదు. కన్ను దాటనివ్వదు కదా. సముద్రంలో పోసేత్తన్నాం."

ఆ జతను దొడ్డిలో వదిలి వాటి ముందు మడ్డి పోశాను. రెండు మూడు రోజులు అక్కడే కాపలా ఉన్నట్టు చూశాను. మెడలు దిగాయి. లేచాయి. మిగతావాటితో కలిసి తరుముకోవడం మొదలుపెట్టాయి.

దొడ్డి గుమ్మంలో నిలబడితే ఇటు బాతులు కనిపిస్తాయి, అటు గడపలో వదిన కనిపిస్తుంది. అవీ తెల్ల పిండే తింటాయి, ఆమె కూడా తెల్ల పిండే తింటుంది. అవి మడ్డి తాగుతాయి. ఆమె తాగుతూ ఉండేది. పైపై తేట ఇచ్చి గౌరవించానని మురిసిపోయింది నేను. మనిషిని నిలబెట్టేది మడ్డిలో ఉంది. దాన్నంతా ఏరి, తిత్తి జిగురుతో కట్టి, అడుక్కి లాగి బాతులకు పోశాను. ఊరికే పోయడం కాదు, అన్ని తెప్పలకూ నేర్పాను. పైన పటారం, లోన లొటారం. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. నేను పడలేదు. కుడితి నాది, పడింది వదిన.

ముప్పై ఒకటో కాగు. తేట: లేదు. కావాలనే.

తిత్తి వేయకుండా కాచాను. ఎర్ర దీపం. కాగు మొత్తం సముద్రంలో పడింది. ఇందీవర గారికి కబురు పెడితే వచ్చారు. బాతులను చూపించాను, వదిన కాళ్ళను నొక్కి చూపించాను. ఆవిడ నిజంగానే బాధపడ్డారు. అబద్ధం రాయను.

"మీరు చెప్పేది నిజం కావచ్చు. గట్టుకు రాస్తాను. పరీక్షలు చేస్తారు. అప్పటిదాకా కన్ను దాటనిది మనిషి తాగకూడదు. రెండో తెప్పలో ఎంతమంది పోయారో మీకు తెలుసు కదా."

"బాతులు తాగొచ్చా అండీ?"

"బాతుల మేత మా పరిధిలోకి రాదు."

ఏడో తెప్పకూ నాలుగో తెప్పకూ కబురు పంపాను, తేర్చడం మానేయండి, మడ్డి తాగండి అని. ఏడో తెప్ప పలకలేదు. సన్నెమ్మ తెర మీదకు వచ్చింది.

"తేర్సడం నువ్వే నేర్పితివి. పేరు నీకొచ్చింది. ఇప్పుడు మా నీలం దీపం ఆర్పీమంటావేటి, నువ్వొక్కదానివే ఎలగాలనా?"

ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అందును.

తోడుకని దాచిన మడ్డిని గుడ్డలో మూట కట్టి నడుముకు దోపుకుని ఇంటికి తెచ్చాను. గుడ్డను కన్ను పట్టించుకోదు. గంజిలో కలిపి ఉడికించి వదిన ముందు పెట్టాను. ఒక్క చెంచాతో వాసన పట్టేసింది.

"నా అడుగు గ్లాసు ఇది."

"అవును. తాగు వదినా. లేచి నిలబడతావు."

"గుడ్డలో దాసి తెచ్చినావేటి?"

చెప్పాను. గిన్నె నా వైపు తోసేసింది.

"మా అమ్మ నిచ్చెన మీద నిలబడి తాగింది. నేనూ అక్కడే తాగినాను, అందరూ సూత్తుండగా. అది నా హక్కే. దొంగసరుకులాగ మంచం మీద ముసుగెట్టుకుని తాగమంటావేటి? నిచ్చెన కాడ ఇయ్యి. తాగుతాను."

బతిమాలాను. తిట్టాను. కనీసం దొడ్డిలోకి రా, అక్కడ తాగితే ఎవరూ అడగరు అన్నాను. బాతుల పక్కన గొంతుక్కూర్చుని తాగే బతుకు నాకొద్దంది. ఇంత మొండి మనిషిని నేను చూడలేదు. ఆ రాత్రి ఆమె మీద కోపంతో ఏమీ తినలేదు. ఇప్పుడు రాస్తుంటే ఆ కోపం ఎక్కడికి పోయిందో తెలియడం లేదు.

ముప్పై రెండో కాగు. తేట: ఉంది.

ఆమె మాటే నెగ్గించాలనుకున్నాను. జనం చూస్తుండగా అడిగితే ఇందీవర గారి మనసు కరుగుతుందేమోనని ఆశ. ఆవిడ వచ్చే రోజు చూసి, వదినను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురి చేత నిచ్చెన దగ్గరకు మోయించాను. తెప్పంతా వచ్చింది. చేతులు తిమ్మిరెక్కినవాళ్ళూ వచ్చారు, బాలింతను ఎవరో వీపున వేసుకుని తెచ్చారు.

"ఒక్క గ్లాసు అండీ. ఆవిడ హక్కు" అన్నాను.

ఇందీవర గారు తల దించుకున్నారు. "గుమ్మం నేను తెరవలేను దేముడమ్మ గారూ. కన్నే తెరవాలి. పెట్టి చూడండి."

అడుగు గ్లాసు కన్ను ముందు పెట్టాను. పిచ్చిదాన్ని, ఒక్క క్షణం నీలం వస్తుందనే అనుకున్నాను. ఎర్ర దీపం వెలిగింది. గ్లాసు ఒరిగింది. మడ్డి గొట్టంలోంచి జారి, వదిన కాళ్ళ కింద, నిచ్చెన పక్కన సముద్రంలో పడి గోధుమ రంగుగా విచ్చుకుంది. వదిన కిందికి వంగి చూసింది. ఆయాసంతోనే నవ్వింది.

"పోన్లేవే. సముద్రానికి దాహమేసింది, తాగనీ."

ఆ తరువాత నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళకు నా చెయ్యి తెలిసిందో లేదో.

"నీ మొకం అలా పెట్టకు, సూళ్ళేకపోతన్నాను. రేపు నీ బాతుల దొడ్డికే వత్తాన్లే. గొంతుక్కూసుని తాగుతాన్లే. సరేనా?"

సరేనన్నాను. ఇంటికి వచ్చి గిన్నె తోమి పెట్టుకున్నాను.

ఈ కాగుకు ఇంకా రాయాల్సింది ఉంది. పొద్దున నేను లేచి చూసేసరికి వదినకు ఊపిరి లేదు. గుండె వాచిపోయిందని తెర మీద వైద్యుడు అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. తోమిన గిన్నె అలాగే ఉంది. తెప్పవాళ్ళకు మట్టి లేదు. ఈతకు వెళ్ళేవాళ్ళను నిచ్చెన దగ్గరే సముద్రంలో కలుపుతాం, ఆమెనూ అక్కడే కలిపాం. బరువుకు ఆమె గుల్లలు గీకిన ఇనుప పారే కట్టాం.

ముప్పై ఆరో కాగు. తేట: ఉంది.

గట్టు నుంచి జవాబు వచ్చింది. పరీక్షలు మొదలవుతాయట, ఎప్పుడో చెప్పలేదు. దాంతోపాటు మా తెప్ప బీరుకు మెచ్చుకోలు కూడా పంపారు. చిన్న నీలం బిళ్ళ. దాన్ని దొడ్డి తలుపుకు మేకుతో కొట్టాను.

బాతుల దొడ్డిలో ఇప్పుడు వరస ఉంటుంది. మడ్డిని ఉడకబెట్టి కంతలోంచి తొట్టిలో పోస్తాను. జనం ఒకరి వెనక ఒకరు వచ్చి, గొంతుక్కూర్చుని, చిప్పలతో ముంచుకుని తాగుతారు. బాతులు కాళ్ళ మధ్య దూరి అరుస్తాయి. బాలింత లేచి నడుస్తోంది, బిడ్డను తనే ఎత్తుకుంటోంది. తిమ్మిర్లు తగ్గాయి. నిన్న సన్నెమ్మ వచ్చింది. వరసలో చివర నిలబడింది. వాళ్ళ తెప్పలో ఎవరు పోయారని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పెద్ద చిప్ప వెతికి ఇచ్చాను. బతకడానికి మనుషులు బాతులతో కలిసి తినాలి. ఇది మా తెప్ప నాగరికత. చదివేవాళ్ళుంటే రాసుకోండి.

అందరికంటే ముందు మాత్రం ఒక పని చేస్తున్నాను. బీరు తీశాక, మడ్డి కదపక ముందు, వదిన గ్లాసులో అడుగు ముంచుతాను. గుమ్మం దగ్గరకు తీసుకెళ్ళి కన్ను ముందు పెడతాను. కన్ను వెలుగు వేసి చూస్తుంది, ఎర్ర దీపం వెలిగిస్తుంది, గ్లాసును ఒంచి నిచ్చెన పక్కన సముద్రంలో పోస్తుంది. అది నియమం తప్పదు. ప్రతి కాగుకూ పోస్తుంది. గోధుమ రంగు కిందికి దిగి కనబడకుండా పోయేదాకా నిలబడి చూసి, ఖాళీ గ్లాసు కడిగి తెచ్చుకుంటాను.